కొబ్బరికాయ ఎవరి కోసం?

(కార్తిక మాస ప్రవచనాలలో భాగంగా ఆలయ మండపంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



అయినవిల్లి విఘ్నేశ్వరునికి మనసులోనే నమస్కరించి ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాను. కోనసీమలో ఏ పనైనా ఆయనకు చెప్పకుండా మొదలుపెట్టే అలవాటు మనకు లేదు.

క్రిందటి వారం ప్రసంగం ముగిసిన తరువాత, అమలాపురంలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి ఒక ప్రశ్న వేసింది. "తాతగారూ, ప్రకృతికి ప్రయోజనమంటూ ఏదీ లేదని మా మాస్టారు చెప్పారండి. దేవుడు ప్రతిదీ మన కోసమే చేశాడని మా అమ్మమ్మ అంటుంది. శాస్త్రం ఎవరి పక్షమండీ?" అని అడిగింది. శాస్త్రం ఇద్దరి పక్షమూ కాదని చెప్పి, మిగిలినది వచ్చే వారం చెబుతానన్నాను. ఆ బాకీ ఈ రోజు తీర్చుకోవాలి.

తర్కంలో దృష్టాంతమనేది వాదికీ ప్రతివాదికీ ఇద్దరికీ తెలిసినదై ఉండాలని నియమం. మన సీమలో కొబ్బరికాయను మించి అందరికీ తెలిసిన వస్తువు మరొకటి లేదు కనుక దానితోనే మొదలుపెడతాను. పైన నున్నని తొక్క, దాని లోపల దట్టమైన పీచు, ఆ లోపల ఇనుమువంటి చిప్ప, దానికి అంటుకుని కొబ్బరి, నడుమ నీరు. చిప్పకు ఒక కొసన మూడు కళ్ళు. త్రినేత్రుడని మనం బొట్టు పెడతాము. ఆ మూడింటిలో రెండు గట్టిగా మూసుకుని ఉంటాయి. ఒక్కటే మెత్తన. పిల్లలు పుల్లతో పొడిచి నీరు తాగేది ఆ కంటిలో నుంచే. మొలక బయటకు వచ్చేదీ ఆ కంటిలో నుంచే.

ఈ కాయ ఎవరి కోసం? దింపు తీసేవాడిని అడిగితే తన కూలి కోసమంటాడు. అంబాజీపేట వర్తకుడు తన కొట్టు కోసమంటాడు. ఇంట్లో అమ్మ పచ్చడి కోసమంటుంది. అర్చకుడు స్వామి కోసమంటాడు. ఎవరి మాటా అబద్ధం కాదు. అయితే చెట్టును అడిగే మార్గముంటే అది ఇంకొక మాట చెబుతుంది. ఆ నీరు, ఆ కొబ్బరి, పసిమొలకకు తల్లి కట్టి ఇచ్చిన చద్దిమూట. కాయ మొలకెత్తేటప్పుడు లోపల తెల్లగా దూదిలాగా ఒక ముద్ద పెరుగుతుంది. కొబ్బరి పువ్వని మనం ఇష్టంగా తింటామే, అది. ఆ పువ్వు లోపలి కొబ్బరిని పీల్చి మొలకకు అందిస్తుంది. వేరు భూమిలో నిలదొక్కుకునేవరకు మొలక దానిమీదనే బ్రతుకుతుంది. పీచు సంగతి చూడండి. సముద్రంలో పడిన కాయ మునిగిపోకుండా తేలుతూ పోయి ఇంకొక తీరాన ఒడ్డెక్కి మొలవగలుగుతున్నదంటే ఆ పీచు వల్లనే. మనం ఆ పీచుతో తాళ్ళు పేనుకున్నాము. అంటే ఆ కాయలో ప్రయోజనం మనం పుట్టకముందే ఉన్నది. మనం మధ్యలో చేయి చాపి దానిని అందుకున్నాము.

ఇక్కడ చిన్న మాట. పిల్లలకు ఒక కథ చెబుతుంటారు. మర్రిచెట్టు క్రింద పడుకున్న బాటసారి, ఇంత పెద్ద చెట్టుకు ఇంత చిన్న పండా, అంత సన్నని తీగకు అంత పెద్ద గుమ్మడికాయా, దేవుడికి లెక్క తెలియదనుకున్నాడట. ఇంతలో మర్రిపండు ఒకటి నెత్తిన పడిందట. అదే గుమ్మడికాయ అయితే నా గతి ఏమయ్యేదని లేచి దేవుడికి దండం పెట్టాడట. కథ బాగానే ఉన్నది. కానీ అది చెప్పినవాడు కోనసీమ వాడు కాదు. మన తోటలో పడుకుని ఉంటే ఆ బాటసారి లేచి దండం పెట్టే అవకాశం ఉండేది కాదు. సృష్టి అంతా మన తలకాయ క్షేమాన్ని బట్టి అమర్చి ఉన్నదనే వాదం ఒక్క కొబ్బరికాయతో బద్దలవుతుంది. నవ్వకండి, శాస్త్రంలో కూడా ఇంచుమించు ఇదే జరిగింది.

ప్రకృతిలో కనిపించే ఈ అమరిక ఎలా వచ్చిందని మన పూర్వులు చాలా లోతుగా తర్కించారు. స్వభావవాదులని ఒక వర్గం ఉండేవారు. ముల్లుకు పదును ఎవరు పెట్టారు, నెమలికి రంగులు ఎవరు వేశారు, అది దాని స్వభావం, అంతకు మించి అడగవద్దు అన్నారు. కాలువ గట్టున మొగలిపొదను చూపి, ఆ ఆకు అంచున ముళ్ళను చెక్కిన వడ్రంగిని చూపించమన్నట్లు. వీరికి జవాబు చెప్పడం తేలికే. స్వభావమనే మాట ప్రశ్నకు జవాబు కాదు, ప్రశ్నను మూసివేసే తలుపు.

సాంఖ్యులు అంతకంటె గంభీరమైన మాట అన్నారు. వారికి ప్రయోజనం కావాలి, కర్త అక్కరలేదు. దూడ కోసం పొదుగులో పాలు చేపుతున్నాయి. పాలకు తెలివి లేదు. ఐనా దూడ పెరగడమే వాటి ప్రయోజనం. అలాగే జడమైన ప్రకృతి, తెలివి లేకుండానే, పురుషుని కోసం ప్రవర్తిస్తున్నది అన్నారు. నీటిని కూడా దృష్టాంతంగా చూపారు. నీరు లోకోపకారం కోసం తనంతట తానే పారుతున్నది కదా అన్నారు.

శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యంలో, రెండవ అధ్యాయం రెండవ పాదం మొదట్లో, ఈ వాదాన్ని పట్టుకున్నారు. రచనానుపపత్త్యధికరణమని దానికి పేరు. ఇల్లు, మేడ, మంచం, ఆసనం వంటివి తెలివిగల శిల్పులు చేస్తేనే ఏర్పడుతున్నాయి తప్ప రాయీ మన్నూ తమంతట తాము అలా కూడడం ఎక్కడా చూడలేదు, అటువంటప్పుడు ఇంత విచిత్రమైన జగత్తును జడమైన ప్రధానం ఎలా రచిస్తుందన్నారు. పాల సంగతికి వస్తే, పాలు ఊరికే చేపవు. ఆవుకు దూడ మీద ప్రేమ ఉన్నది, దూడ నోటితో లాగుతున్నది. రెండూ చేతనాలే. నీరు కూడా పల్లాన్ని ఆశ్రయించే పారుతుంది. సాంఖ్యుడు ఇంకా పట్టు విడవక, గడ్డి తనంతట తానే పాలుగా మారుతున్నది కదా అంటాడు. దానికి జవాబు మన రైతులెవరైనా చెప్పగలరు. అదే గడ్డి ఎద్దు తింటే పాలు కావేమి?

నీటి మాట వచ్చింది కనుక మన గోదావరిని తలుచుకోవాలి. నీరు లోకోపకారం కోసమే పారుతుందని ఎవరైనా అంటే, ఆనకట్ట లేని రోజులలో మన పెద్దలు ఒప్పుకుని ఉండేవారు కారు. వరద వస్తే ఊరు ముంచేది, వాన లేకపోతే పొలం ఎండేది, కళ్ళెదుట నిండుగా పారుతున్న నీరు సముద్రంలో కలిసేది. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేయించిన తరువాత ఆ నీటికి మన పొలంలో ప్రయోజనం ఏర్పడింది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన అక్విడక్టు మీరందరూ చూసినదే. క్రింద నది, పైన కాలువ. ఇప్పుడున్న కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో పరమపదించిన ఆ తల్లి, లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవాడికి వేళకాని వేళ కూడా అన్నం పెట్టింది. ఆ వంతెనకు ఆమె పేరు పెట్టినవారెవరో గాని ఔచిత్యం తెలిసినవారు.

ఆ వంతెన మీద నిలబడితే మన చర్చంతా కళ్ళకు కడుతుంది. పైన కాలువను చూసి ఇది ఒకరు ఆలోచించి కట్టినదని చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. మరి క్రింద నదిని చూసి?

అక్కడికి నైయాయికుడు వస్తాడు. తర్కసంగ్రహం వ్రాసి, దానికి తానే దీపిక అనే వ్యాఖ్య కూడా వ్రాసుకున్న అన్నంభట్టు మన తెలుగువాడని ప్రసిద్ధి. సంస్కృతం చదివినవారెవరైనా తర్కంలో తొలి అడుగు ఆయన వేలు పట్టుకునే వేస్తారు. నేనూ అంతే. ఆయన దీపికలో ఈశ్వరుని సాధించే అనుమానం ఒక్క వాక్యంలో ఇమిడి ఉన్నది. మొలక మొదలైనవాటికి ఒక కర్త ఉండాలి, ఎందుకంటే అవి పుట్టినవి, కుండలాగా. అంతే. మొలకనే తీసుకోవడంలో చమత్కారం ఉన్నది. కుండకు కుమ్మరి కనిపిస్తాడు, మొలకకు ఎవరూ కనిపించరు. కనిపించని చోటనే కదా అనుమానం కావాలి. ఆయనకు ఆరు వందల ఏళ్ళకు ముందే మిథిలలో ఉదయనాచార్యులు ఈ వాదం మీద న్యాయకుసుమాంజలి అనే మహాగ్రంథం వ్రాశారు. ఆయన లక్షణావళి శక సంవత్సరం 906లో, అంటే క్రీస్తు శకం 984లో వ్రాసినది. అందుచేత ఆయన కాలం మనకు తెలుస్తున్నది. ఇంగ్లండులో విలియం పేలీ అనే క్రైస్తవ పండితుడు 1802లో, దారిలో దొరికిన గడియారాన్ని చూస్తే గడియారం చేసినవాడు ఉన్నాడని తెలుస్తుంది కదా అని వాదించాడు. ఉదయనుడికి ఎనిమిది వందల ఏళ్ళ తరువాతి మాట అది. గడియారం బదులు కుండ అనుకుంటే, వాదం మనకు పాతదే.

దీనిని ఎదుర్కొన్నవారూ సామాన్యులు కారు. బౌద్ధాచార్యుడు ధర్మకీర్తి వేసిన దెబ్బ గట్టిది. మట్టితో చేసిన కుండను కుమ్మరి చేశాడు, నిజమే. పుట్ట కూడా మట్టిదే. దానిని కూడా కుమ్మరి చేశాడంటావా అని అడిగాడు. మొన్న నాగుల చవితికి మనమందరం పుట్ట దగ్గరకు వెళ్ళి పాలు పోసి వచ్చాము. అంత నేర్పుగా గదులు గదులుగా లేచిన ఆ పుట్టను చెదపురుగులు కట్టాయి. ఏ ఒక్క చెదపురుగుకూ పుట్ట నమూనా తెలియదు. ధర్మకీర్తి అన్నదేమిటంటే, కట్టడాన్ని కట్టినట్లుగా గుర్తించగల చోటనే కర్తను ఊహించాలి, పుట్టిన ప్రతిదానికీ కాదు అని. అక్విడక్టును చూడగానే కట్టినదని తెలియడానికి కారణం, ప్రక్కనే కట్టని నది ఉండడమే. అన్నీ కట్టినవే అయితే పోల్చడానికి ఏది మిగులుతుంది?

1859లో డార్విన్ మహాశయుడు తన గ్రంథాన్ని ప్రకటించినప్పుడు ఐరోపాలో గొప్ప గందరగోళం లేచింది. ఆయన విద్యార్థి దశలో పేలీని ఇష్టంగా చదివినవాడే. తరతరాలుగా చిన్న చిన్న భేదాలు పుట్టడం, వాటిలో బ్రతుకుకు అనువైనవి నిలవడం, తక్కినవి రాలిపోవడం, ఇదే అమరికకు కారణమన్నాడు. పీచు దట్టంగా ఉన్న కాయలు తేలాయి, తేలినవి మొలిచాయి, మునిగినవి లేవు. పాత స్వభావవాదానికి కారణ పరంపరను జోడించి దానిని విచారణకు నిలిచే సిద్ధాంతంగా చేశాడు. దీనితో మన శాస్త్రం పునాదులు కదిలాయని కొందరు భయపడతారు. ఆ భయం అనవసరమని నా అభిప్రాయం. ఎందుకంటే, మన శాస్త్రం ఆ పునాది మీద కట్టినదే కాదు.

ఈ మాట కాస్త వివరంగా చెప్పాలి, దయచేసి వినండి.

కుమారిలభట్టు పేరు విన్నారు కదా. వేదప్రామాణ్యాన్ని నిలబెట్టడానికి ఏడవ శతాబ్దంలో ఆయన పడిన పాటు అంతా ఇంతా కాదు. నాస్తికుడనడానికి వీలులేనివాడు. మన సీమలో ఘనపాఠులు ఈ రోజు వరకు స్వరం తప్పకుండా వేదం చెప్పగలుగుతున్నారంటే అటువంటివారు పెట్టిన భిక్షే. ఆ కుమారిలుడు శ్లోకవార్తికంలో, సృష్టికర్తను తర్కంతో సాధించే ప్రయత్నాన్ని ముక్కలు ముక్కలు చేశాడు. దేనిని కోరి సృష్టించాడు? దయతోనా? సృష్టికి ముందు దుఃఖపడే ప్రాణే లేనప్పుడు దయ ఎవరి మీద? దయతోనే చేసి ఉంటే అందరినీ సుఖంగానే చేసి ఉండేవాడు కదా. దుఃఖం లేకుండా చేయడం కుదరలేదంటే, ఆయనకు అసాధ్యమైనది ఉన్నదని ఒప్పుకున్నట్లే. ప్రయోజనం ఏమీ లేదందామా, మందబుద్ధి కూడా ప్రయోజనం లేకుండా పని చేయడు. ఆట కోసమా? ఆట కావలసినవాడు పూర్ణుడెలా అవుతాడు? పైగా ఇంత పెద్ద వ్యవహారం పెట్టుకుంటే ఆటకంటె శ్రమే ఎక్కువ. ఇవి ఏ నాస్తిక సభలోనో వినిపించిన ప్రశ్నలు కావు. వేదానికి కాపలా కాసిన మహానుభావుని ప్రశ్నలు.

రామానుజాచార్యులవారు శ్రీభాష్యంలో, శాస్త్రయోనిత్వాధికరణం దగ్గర, అనుమానంతో ఈశ్వరుని సాధించలేమని స్పష్టంగా నిరూపించారు. భక్తిమార్గానికి ఆచార్యుడైన ఆయనే ఈ మాట అనడం గమనించండి. అంతర్వేది తీర్థానికి వెళ్ళి లక్ష్మీనరసింహస్వామి రథాన్ని చూసినవాడు, ఇంతటి రథాన్ని ఎవరో ఒక్కడే చేశాడనుకుంటాడా? పదిమంది వడ్రంగులు, కమ్మరులు కలిసి చేశారనుకుంటాడు. అలాగే జగత్తును చూసి కర్తను ఊహిస్తే ఒక్కడే ఎందుకు కావాలి? ఒకేసారి చేసినదని ఎందుకు అనుకోవాలి? కుమ్మరికి శరీరం ఉన్నట్లు ఆయనకూ శరీరం, అలసట, పొరపాటు ఎందుకు ఉండకూడదు? తర్కం ఇచ్చే దేవుడు మన కుమ్మరికంటె కొంచెం పెద్దవాడు అవుతాడు, అంతే. ఈశ్వరుడు శాస్త్రం చేతనే తెలియదగినవాడని ఆయన తేల్చారు. శంకరులూ ఇంతే. సాంఖ్యుని ఖండించడానికి రచన అనే ఆయుధాన్ని తీశారు గాని బ్రహ్మాన్ని సాధించడానికి దానిని నమ్ముకోలేదు. బ్రహ్మసూత్రాలు ఉపనిషద్వాక్యాలనే పువ్వులను గుచ్చడానికి దారాలు తప్ప స్వతంత్రమైన అనుమానాలు కావని మొదట్లోనే హెచ్చరించారు.

ఇదంతా పండితుల గొడవ, మాకెందుకు అనుకోవచ్చును. ఎందుకో చెబుతాను.

1996 నవంబరు 6, బుధవారం. దీపావళికి కొద్ది రోజుల ముందు. ఆ రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను మన కోనసీమను ఏమి చేసిందో నలభై ఏళ్ళు దాటినవారెవరికీ చెప్పనవసరం లేదు. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం వైపు మత్స్యకార కుటుంబాలలో వేటకు వెళ్ళి తిరిగి రానివారు అనేకులు. తెల్లవారి చూస్తే తోటలు లేవు. ఆకాశం ఎప్పుడూ లేనంత ఎక్కువగా కనిపించింది. కొబ్బరి చెట్టు నాటిన ఆరేడు ఏళ్ళకు గాని కాపుకు రాదు. తాతలు నాటిన తోట ఒక రాత్రిలో పడిపోవడమంటే ఒక తరం ఆదాయం పడిపోవడం.

నెల తిరగకుండా, రాజోలు వైపు నుంచి రైతు ఒకాయన మా ఇంటికి వచ్చాడు. పేరు అనవసరం. అరుగు మీద అప్పటికే ఇద్దరు ముగ్గురు పెద్దలు కూర్చుని ఉన్నారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు. "శాస్త్రి గారండీ, చెట్లు పోతే పోయాయండి. మళ్ళీ వేసుకుంటాం. మా పాలేరు కొడుకు పోయాడండి. పదేళ్ళ పిల్లాడు. అన్నీ దేవుడు ఒక పని కోసమే చేస్తాడంటారు కదండీ మీరంతా. ఆ గాలి ఏ పని కోసమండీ?"

అరుగు మీద ఒక పెద్దమనిషి, అది పూర్వజన్మ కర్మ అని అందుకున్నారు. నేను ఆ మాటను అక్కడే ఆపాను. ఎందుకు ఆపానో మీకు చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే ఆ మాట శాస్త్రంలో ఉన్నది. బ్రహ్మసూత్రాలలో వైషమ్య నైర్ఘృణ్యాధికరణం దాని చోటు. లోకంలో ఒకరికి సుఖం, ఒకరికి దుఃఖం కనిపిస్తున్నది కనుక ఈశ్వరుడు పక్షపాతి, నిర్దయుడు అని ఆక్షేపణ. ప్రాణుల కర్మను అపేక్షించి ఫలమిస్తాడు కనుక ఆయనకు ఆ దోషం లేదని సమాధానం. శంకరులు అక్కడ వాన దృష్టాంతం చెప్పారు. వరికీ యవలకూ వాన ఒక్కటే. ఏ గింజ ఏ మొక్క కావాలో వాన నిర్ణయించదు, గింజలో ఉన్న శక్తే నిర్ణయిస్తుంది.

ఆ సమాధానం ఎవరికి చెప్పినది? ఈశ్వరుని మీద అభియోగం తెచ్చినవాడికి చెప్పినది. ఈశ్వరుడు క్రూరుడు కాడని చెప్పడంతో దాని పని ముగిసింది. పదేళ్ళ పిల్లవాడి కర్మ ఇది అని చదివి చెప్పే కళ్ళు అది మనకు ఇవ్వలేదు. కర్మ గతి తెలుసుకోవడం ఎంతో కష్టమని గీతలో భగవానుడే అన్నాడు. ఆయన కష్టమన్నదానిని అరుగు మీద కూర్చుని మనం తేలిక చేస్తామా? సిద్ధాంతాన్ని సిద్ధాంతం చోట చెప్పాలి. శవం లేచిన ఇంట్లో శాస్త్రం విధించినవి వేరే ఉన్నాయి. స్నానం, తర్పణం, ఆ ఇంటివారికి అన్నం చూడడం, ప్రక్కన కూర్చోవడం. పోయినవాడి తప్పేమిటో లెక్కకట్టమని ఏ ధర్మసూత్రమూ చెప్పలేదు.

రైతుతో నేను అన్నది ఇంతే. గాలి నీ కోసం పుట్టలేదు, నిన్ను దండించడానికీ పుట్టలేదు. కొబ్బరికాయ కూడా నీ కోసం పుట్టలేదు. రెండవ మాట ఒప్పుకోనివాడికి మొదటి మాట అర్థం కాదు. ఆయన కాసేపు ఆలోచించి, ఆ పాలేరు ఇంటికి బియ్యం పంపించాను, తానుగా వెళ్ళడానికి మొహం చెల్లడం లేదండీ అన్నాడు. వెళ్ళమన్నాను. వెళ్ళాడు.

నేను పట్టుబట్టేది ఇక్కడే. పంట బాగా పండిందంటే దేవుడు మన కోసమే చేశాడు, వ్యాపారం కలిసివచ్చిందంటే స్వామి మనల్నే చూశాడు అని భక్తిని అనుకూలతల మీద నిలబెట్టుకున్నవాడి భక్తి, ఆకాశం ఎప్పుడూ ఒకేలా ఉన్నంతవరకే నిలుస్తుంది. ఈ ఆలయానికి ఉదారంగా ఇచ్చే దాతలున్నారు, మీలో చాలామందిని నేను ఎరుగుదును. మీరు ఇవ్వడం తప్పని నేననను. ఇచ్చినందుకు గాలి మీ తోటను తప్పించుకుని పోతుందని మాత్రం ఎవరైనా మీకు చెబితే, ఆ చెప్పినవాడు ఏ శాస్త్రం చదివాడో కనుక్కోండి. గాలికి అడ్డం నిలిచేవి వేరే ఉన్నాయి. కోరింగ వైపు మడ అడవి ఉన్నది. ఆ జాతి చెట్లలో కొన్నింటికి విత్తనం తల్లి కొమ్మ మీదనే మొలకెత్తి, పొడుగ్గా వేరుతో సహా పెరిగి, అప్పుడు బురదలోకి జారుతుంది. ఉప్పునీటిలో బిడ్డ బ్రతకాలని తల్లి పడే పాటు అది. మన ఊళ్ళను కాపాడాలని కాదు. ఐనా అలల జోరును తగ్గించి మనల్ని కాపాడుతున్నది. మన కోసం కానిదాని వల్ల మనం బ్రతుకుతున్నప్పుడు దానిని ఋణమంటారు. దానిని నరికి రొయ్యల చెరువు తవ్వుకునేవాడు, ఇది దేవుడు నా కోసమే చేశాడనుకునేవాడే.

అయితే ఈశ్వరునికి సృష్టిలో ప్రయోజనం ఏమిటనే ప్రశ్న మిగిలింది. ప్రయోజనమంటే ఏమి? లేనిదానిని పొందడం. కుమ్మరికి డబ్బు లేదు, కుండ చేస్తాడు. పూర్ణుడైనవానికి లేనిదేమున్నది? కనుక ఈశ్వరునికి సృష్టి వలన ప్రయోజనం లేదు. శంకరులు దీనిని నిస్సంకోచంగా ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి మాస్టారు ఇది వింటే ఆశ్చర్యపోవచ్చు. సూత్రకారుడు ఇక్కడే లీల అనే మాట వాడాడు. లీల అనగానే మనకు వేషాలు, నాటకాలు, భాగవతంలో వెన్న దొంగతనం గుర్తుకు వస్తాయి. సూత్రంలో దాని అర్థం అది కాదు, వెలితి లేని ప్రవృత్తి. అన్ని కోరికలూ తీరిన రాజు విహారానికి వెళ్ళడం ఒక దృష్టాంతంగా చెప్పారు. ఈ దృష్టాంతం మీద కుమారిలుని ఆక్షేపణ ఇంకా వాలుతుంది. విహారంలో కూడా రాజుకు ఉల్లాసమనే చిన్న కోరిక ఉన్నది కదా అనవచ్చు. శంకరులకు ఆ సంగతి తెలుసు. అందుకే రెండవ దృష్టాంతం చెప్పారు. ఊపిరి.

మీరందరూ ఇప్పుడు ఊపిరి పీలుస్తున్నారు. గంటసేపటి నుంచి నేను మాట్లాడుతుండగా ఎన్నిసార్లు పీల్చారో మీకు తెలియదు. ఇదిగో దీని కోసం పీలుస్తానని ఏ ఒక్కసారీ సంకల్పించలేదు. శ్రమ అనుకోలేదు. కుమారిలుడు శ్రమ ఎక్కువ అన్నాడు కదా, ఉచ్ఛ్వాస నిశ్వాసాలలో శ్రమ ఎక్కడ? ఎవరైనా వచ్చి, నీ ఊపిరికి ప్రయోజనం ఏమిటి, లాభమెంత అని అడిగితే మనకు నవ్వు వస్తుంది. అంతమాత్రాన అది వ్యర్థమూ కాదు. వ్యర్థం, సప్రయోజనం అనే రెండు గదులలో ఏ గదిలోనూ అది ఇమడదు. వేదాన్ని పరమాత్మ నిశ్వాసమని ఉపనిషత్తు చెప్పిన సంగతి ఇక్కడ తలుచుకుంటే, శంకరులు ఈ దృష్టాంతాన్ని ఊరికే ఎన్నుకోలేదని తెలుస్తుంది.

ఆ అధికరణం మీద భామతీ వ్యాఖ్యలో వాచస్పతి మిశ్రులు ఏమన్నారో వచ్చే ఏకాదశి నాడు చూద్దాం. పుస్తకం ఉన్నవారు తెచ్చుకోండి, పెద్ద అక్షరాల ప్రతి అయితే నాకు కూడా ఉపకారంగా ఉంటుంది. ఇక ఆపుతాను. ప్రసాదం చల్లారిపోతున్నదని వంటశాల నుంచి ఇప్పటికి రెండుసార్లు తొంగిచూసి వెళ్ళారు.